అద్దాల పెట్టెకు పోని కుట్టుమిషను

ఊరంతా ఆయన్ను "శాస్త్రవేత్త గారు" అనేది. అక్క మాత్రం "మా విప్పుడుగాడు" అనేది. చిన్నప్పుడు గోడ గడియారం, రేడియో, తలుపు గొళ్ళెం, దొరికినదల్లా విప్పేశాడు మరి. ఒక్కటంటే ఒక్కటి తిరిగి బిగించిన పాపాన పోలేదు.

అంతటివాణ్ణి దేశమంతటా గొప్పవాణ్ణి చేసింది ఓ మడత రేకు. కుట్టుమిషనుకు తగిలిస్తే గుడ్డ అంచు దానంతటదే మడుచుకుంటుంది. బట్టలు కుట్టి బతికే అక్క పౌడరు డబ్బా మూత కత్తిరించి, వేళ్ళు కోసుకుని, ఆరు నెలలు వంచి వంచి చేసింది దాన్ని. తమ్ముడు దానికి బొమ్మ గీసి, పేటెంటు తెచ్చుకుని, పతకాలు వేయించుకున్నాడు. పోనీలే అనుకుంది. ఇప్పుడు ఏకంగా మిషను కోసమే వచ్చాడు.

"మ్యూజియం వాళ్ళకి మాటిచ్చేశానక్కా. అద్దాల పెట్టెలో పెడతారట."

"నా కూడు అద్దాల పెట్టెలో పెడితే నేనేం తినాలిరా, గాజు పెంకులా?"

"కొత్తది కొనిస్తాగా!"

"ముప్పై ఏళ్ళుగా నా కాలు ఎరిగిన మిషనురా అది."

వింటేగా! నలుగురు మనుషుల్ని పెట్టి మోయించుకుపోయాడు. అక్క కుట్టుసంచీ చంకన పెట్టుకుని వెనకాలే వెళ్ళి, మ్యూజియం వాళ్ళు పెట్టిన సన్మాన సభలో ముందు వరసలో కూర్చుంది.

సభాధ్యక్షుడు తమ్ముడి జీవితచరిత్ర చదివాడు. పన్నెండో ఏటే ఒంటిచేత్తో రేకు కనిపెట్టాడట!

"పన్నెండో ఏట వాడికి చొక్కా గుండీలు నేనే పెట్టేదాన్ని," అంది అక్క పక్కావిడతో.

"ఒక్క అంచు కుట్టి చూపించండి," అన్నాడు అధ్యక్షుడు, తమ్ముడికి తన తెల్లటి కండువా అందిస్తూ.

మిషను మెరవాలని తమ్ముడు పొద్దున్నే దానికి బుడ్డెడు నూనె పోశాడు. నూనె వేశాక ముందు పాత పీలికల మీద కుట్టాలని కుట్టుపని నేర్చుకునే పిల్లకైనా తెలుసు. ఆయనకు తెలియదు. కండువా మీద జానెడు నల్లచార పడింది, దారం చిక్కుబడింది.

"అక్కా..." అన్నాడు మైకులోనే.

అక్క లేచి వెళ్ళింది. దారం చిక్కు విప్పి, సంచీలోంచి పీలికలు తీసి, నూనె మరక ఆగేదాకా కుట్టి, కండువా రెండో కొస అంచు మడత చెదరకుండా కుట్టి ఇచ్చింది.

మ్యూజియం అధికారి నోరు తెరిచి, "ఇది మీ మిషనా అమ్మా?" అన్నాడు.

"మిషనూ నాదే, రేకూ నాదే. ఎల్లుండికి ఇవ్వాల్సిన బట్టలున్నాయి, తీసుకుపోతాను."

"మరి మా అద్దాల పెట్టెలోకి?"

"మా తమ్ముణ్ణి పెట్టుకోండి. రోజూ తుడిస్తే మెరుస్తాడు."

సభ గొల్లున నవ్వింది. మోసుకొచ్చిన నలుగురిలో ముగ్గురే కనిపించారు. మిషను నాలుగో కాలు తమ్ముడే పట్టుకున్నాడు, మెడలో పతకాలు గలగలమంటుంటే.

"మెట్లు చూసుకు దిగరా," అంది అక్క. "మిషను జాగ్రత్త."