లారీ ఎక్కే రోజు

పదకొండు గంటలకు రిసార్టు వాళ్లు ఫోన్ చేసి ఆదివారం తమ బీచ్ ఇవ్వలేమన్నారు. ఎవరో పెద్ద మనిషి ఇంటి ఫంక్షన్ వచ్చిందట. సారీ చెప్పి పెట్టేశారు. పెళ్లికి ఇంకా నాలుగు రోజులే ఉన్నాయి. మంటపం సామాను, పనివాళ్లు ఎక్కిన లారీ ఈ సాయంత్రం ఆరింటికే చిక్కడపల్లి గోడౌన్ నుంచి కదలాలి. ఎక్కడికో మాత్రం ఇప్పుడు ఎవరికీ తెలియదు.

నారాయణగూడ చౌరస్తా దగ్గర, టిఫిన్ సెంటర్ పైన రెండో అంతస్తులో ఉన్న ఆ ఈవెంట్ల ఆఫీసులో నర్మద ఫోన్ మీద ఫోన్ కొడుతూనే ఉంది. ఓనర్ రాఘవేంద్ర కూర్చోడు, ఆమెను కూర్చోనివ్వడు. కిటికీ దాకా వెళ్తాడు, వస్తాడు, ఏమైందంటాడు. ఒంటిగంటకు రెండు బీచ్‌లు తేలాయి. రెండూ బాపట్ల వైపే. ఒకటి జాలరిపేట పక్కన. పడవలుంటాయి, ఆరేసిన వలలుంటాయి, పక్కనే తుఫాను షెల్టర్ బిల్డింగ్ ఉంది. రెండోది సరుగుడు తోటలు దాటాక రెండు కిలోమీటర్ల ఉత్త ఇసుక. మనిషి లేడు, గుడిసె లేదు, చాటుకు ఒక పొద కూడా లేదు.

నర్మద రెంటినీ షీటులోకి ఎక్కించింది. ఆ షీటు తన తయారీయే. సూర్యోదయం వెలుగు ఎట్నుంచి పడుతుంది, కార్లు ఎన్ని ఆగుతాయి, పెళ్లికూతురు చీర మార్చుకునే వ్యాను ఎక్కడ పెట్టాలి, ఇట్లా అన్నిటికీ ఒక్కో వరుస. కింద ఇంకో వరుస కలిపింది. 'పనివాళ్లకు బాత్రూం: మొదటి చోట షెల్టర్‌లో నాలుగు, రెండో చోట లేదు.' కొట్టేసింది. మళ్లీ టైపు చేసింది.

రాఘవేంద్ర వెనక నుంచి చూశాడు. "గిదేంది నర్మదా? క్లయింట్‌కు సూపెట్టే షీట్ల గివన్ని ఎందుకు?" అని తనే వంగి ఆ వరుస తీసేశాడు.

ఎందుకో చెప్పాలంటే ఆమె బుగ్గమ్మ సంగతి బయటపెట్టాలి. బుగ్గమ్మ ఆ లారీ ఎక్కే ఎనిమిది మంది ఆడవాళ్లకు పెద్ద, నర్మదకు తల్లి. ఈ రెండో మాట ఆఫీసులో ఎవరికీ తెలియదు. నర్మద అశోక్ నగర్ హాస్టల్‌లో ఉండి గ్రూప్స్‌కు చదువుతోందని, తల్లి మహబూబ్‌నగర్ వైపు ఊళ్లో ఉందని వాళ్లనుకుంటారు. చేరిన రోజు తనే అట్లా చెప్పింది. బుగ్గమ్మ ఉండేది కవాడిగూడ బస్తీలో, ఆఫీసుకు నడిచివచ్చేంత దూరంలో. చెప్పిందే మంచిదైంది బిడ్డా అని, ఎదురుపడితే 'మేడమ్' అంటుంది. అన్నప్పుడల్లా నర్మద కంప్యూటర్‌లోకి చూస్తుంది.

పోయిన మాఘమాసంలో కూడా ఇట్లాంటి ఉత్త ఇసుక బీచే. మంటపం గుంజలు నిలబడడానికి సంచుల్లో ఇసుక నింపే పని ఆడవాళ్లది, రోజుకు ఏడు వందల కూలి. చుట్టూ మగవాళ్లు, దాక్కునే చోటు లేదు. అందుకని లారీ ఎక్కే రోజు పొద్దున్నుంచే ఆడవాళ్లు నీళ్లు మానేస్తారు. ఒకరికొకరు గుర్తు చేసుకుంటారు కూడా. పక్కనే నీళ్ల క్యాన్లు వరసగా పెట్టి ఉన్నా, రెండో రోజు మధ్యాహ్నం బుగ్గమ్మ ఇసుకలో పడిపోయింది. సర్కారు దవాఖానలో ఐదు రోజులు. నీళ్లు తాగక ఇన్‌ఫెక్షన్ కిడ్నీ దాకా పాకిందని, ఇంకోసారి ఇట్లా చేస్తే ప్రాణం మీదికొస్తుందని డాక్టరమ్మ తిట్టింది. ఆ ఐదు రోజులు ఆఫీసులో నర్మద తనకు జ్వరమని చెప్పింది.

రెండింటికి పెళ్లికూతురు స్వరూప వచ్చింది. పాపం, ఆమె కూడా తిండి తిన్నట్టు లేదు. వీడియోలు రెండుసార్లు చూసి రెండోదాని మీద వేలు పెట్టింది. పడవలు, వలలు ఫోటోల్లో పడతాయని, సముద్రం తప్ప ఎవరూ కనిపించొద్దని అంది. అక్కడ ఏమైనా ఇబ్బందా అని అడిగింది. రాఘవేంద్ర ఏ ఇబ్బందీ లేదన్నాడు.

అప్పుడే బుగ్గమ్మ బంతిపూల తోరణం శాంపిల్ పట్టుకుని రెండంతస్తులు ఎక్కి వచ్చింది. పెదవులు తెల్లగా ఎండిపోయి ఉన్నాయి. తోరణం బల్ల మీద పెట్టి, గోడకు చెయ్యి ఆనించి నిలబడింది.

నర్మద లేచి ఫిల్టర్ దగ్గర గ్లాసు నింపి తెచ్చింది.

"వద్దు మేడమ్," అంది బుగ్గమ్మ. "ఇయ్యాల లారీ ఉంది గద."

స్వరూప తలెత్తింది. "లారీకి, నీళ్లకు ఏం సంబంధం అమ్మా?"

బుగ్గమ్మ నవ్వి నేలకేసి చూసింది. "ఏం లేదు తల్లీ. ఆడోళ్ల ముచ్చట."

గ్లాసు నర్మద చేతిలోనే ఉంది.

"అక్కడ బాత్రూం లేదు మేడమ్," అంది స్వరూపతో. "అందుకే వీళ్లు ఇప్పటిసంది నీళ్లు బంద్ వెడ్తరు. పోయినసారి గిట్లనే దవాఖానల పడ్డది. నేనే కూసున్న పక్కన. ఈమె మా అమ్మ."

స్వరూప వేలు ఇంకా ఉత్త ఇసుక మీదే ఉంది. తీయలేదు, నొక్కలేదు.

రాఘవేంద్ర ముందు తేరుకున్నాడు. నర్మదతో తర్వాత మాట్లాడదాం అన్నాడు. తర్వాత అన్న తీరులోనే ఆమెకు తన ఉద్యోగం సంగతి అర్థమైంది. బుగ్గమ్మ వైపు తిరిగాడు.

"ఆరింటికి లారీ. రానోళ్లుంటే ఇప్పుడే చెప్పు. అంబర్‌పేట్ నుంచి వేరే మందిని పిలుస్త. నువ్వు వస్తున్నవా, లేదా?"

బుగ్గమ్మ కొంగుతో చెయ్యి తుడుచుకుని నర్మద చేతిలోంచి గ్లాసు తీసుకుంది. మెల్లగా, మధ్యలో ఆపకుండా, గొంతు కదులుతుంటే అందరూ చూస్తుండగానే అడుగుదాకా తాగేసింది. కొన్ని చుక్కలు మెడ మీదుగా జారి జాకెట్టులోకి పోయాయి. వాటిని తుడుచుకోలేదు.

ఖాళీ గ్లాసు కూతురు ముందుకు చాపింది.

"ఇంకో గ్లాసు పట్టుకరా బిడ్డా."