లిఫ్టు పక్క జాగా

ముప్పై ఏళ్ళు బస్సు నడిపిన మనిషికి సొంత కారు నిలుపుకోవడానికి జాగా లేకపోవడమంటే అంతకు మించిన తలవంపులు ఇంకేముంటాయి? అపార్టుమెంటులో అందరూ డ్రైవరుగారని పిలిచే పెద్దాయన బాధ ఇదే. లిఫ్టు పక్కనున్న పన్నెండో నంబరు ఆయనది. దాని పక్కనున్న పదమూడో నంబరు, పై అంతస్తులో ఉండే పళ్ళ డాక్టరుది. ఆ మహానుభావుడు రోజూ కారును అడ్డదిడ్డంగా పెట్టి ఒకటిన్నర జాగా మింగేస్తాడు. కమిటీకి నాలుగు ఉత్తరాలు రాస్తే చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టయింది.

ఇన్నాళ్ళూ పళ్ళు నూరుకుంటూ కారును వీధిలోనే వదిలేశాడు. ఇక కుదరదు. మోకాలి ఆపరేషన్ అయిన భార్య శనివారం ఇంటికొస్తోంది. ఆమె కాలు వంచకూడదు. కారు తలుపు బార్లా తెరుచుకోవాలి, దిగితే నాలుగడుగుల్లో లిఫ్టు ఉండాలి. వీధి నుంచి ఆమెను నడిపించాలన్న ఊహకే ఆయన గుండెల్లో రాయి పడింది.

గురువారం సాయంత్రం తాడో పేడో తేల్చుకుందామని కిందికి దిగి స్తంభం పక్కన నిలబడ్డాడు. డాక్టరు కారు వచ్చింది. వెనక్కి తీశాడు, ఆపాడు, ముందుకు లాగాడు, మళ్ళీ వెనక్కి. ఆరోసారికి స్తంభానికి అంగుళం దూరంలో ఆపి, స్టీరింగు మీద తల వాల్చేశాడు. కారు ఎప్పటిలాగే గీత మీదే ఉంది.

డ్రైవరుగారి కోపం సగం దిగిపోయింది. పొగరనుకున్నది కాస్తా చేతకానితనమని తేలింది మరి.

"వెనక్కి తీయడం రాదా బాబూ?" కిటికీ దగ్గరికెళ్ళి అడిగాడు.

డాక్టరుకి తల కొట్టేసినట్టయింది. "రాదు బాబాయిగారూ. కమిటీవాళ్ళు మీ ఉత్తరాలన్నీ చూపించారు. బస్సులు తిప్పిన మీకు ఈ మాట చెప్పుకోవాలంటే సిగ్గేసింది."

"నాలుగు ఉత్తరాలు రాసే బదులు ఒక్కసారి కిందికి దిగాల్సింది నేను. సరే, అద్దాలు చూసుకో. డిక్కీ మీద రెండు దెబ్బలు కొడితే రా, ఒక్కటి కొడితే ఆగు. మా డిపోలో పద్ధతి ఇది."

పాఠం మర్నాడూ నడిచింది. మొక్కై వంగనిది మానై వంగునా అని వాచ్‌మన్ ముసిముసిగా నవ్వాడు. వంగింది. పదకొండోసారికి కారు రెండు గీతల మధ్య బుద్ధిగా నిలబడింది.

శనివారం పన్నెండూ పదమూడూ రెండూ ఖాళీగా ఉన్నాయి. డాక్టరు తన కారు వీధిలో వదిలేసి వచ్చి అక్కడ కాపలా కాస్తున్నాడు.

డ్రైవరుగారు కారు వెనక్కి తీయబోయాడు. చిన్న కుదుపుకే, వెనక సీట్లో కాలు చాపుకుని కూర్చున్న భార్య "అబ్బా" అని మూలిగింది. అంతే, ఆయన కాలు బ్రేకు మీద బిగుసుకుపోయింది. ముప్పై ఏళ్ళలో ఎన్నడూ లేనిది, బండి వెనక్కి తీయలేకపోయాడు. అద్దంలో ఆమె మొహం తప్ప ఇంకేమీ కనబడలేదు. భయమేసింది.

డిక్కీ మీద మెల్లగా రెండు దెబ్బలు వినిపించాయి.

ఆయన కాలు తనంతట తనే బ్రేకు వదిలింది. మళ్ళీ రెండు. మళ్ళీ రెండు. ఆఖరికి ఒక్కటి.

తలుపు బార్లా తెరుచుకుంది. భార్య డాక్టరు భుజం పట్టుకుని దిగి, మొగుడి వంక చూసింది.

"మీరు ఉత్తరాలు రాసింది ఈ అబ్బాయి మీదేనా?"

ఆయన కళ్ళు తుడుచుకుంటూ తలూపాడు.

"అయితే పైకి రండి. ఐదోది నేను చెప్తా, మీరు రాద్దురుగాని."