బావ మొదటి స్కాన్

డాక్టరమ్మ ఇరవై రెండేళ్లుగా ఆ మసకచీకటి గదిలోనే పనిచేస్తోంది. వచ్చినవాళ్ల కడుపు మీద జెల్ రాసి, ప్రోబ్ ఆనించి, లివర్ ఎలా ఉందో, గాల్‌బ్లాడర్‌లో రాళ్లున్నాయో లేవో చూసి రిపోర్టు రాయడం ఆమె పని. ఆమె చెయ్యి పడితే ఆవగింజంత రాయి కూడా దాక్కోలేదని ఆసుపత్రిలో పేరు.

అలాంటి చెయ్యి సొంత బావ దగ్గర తప్పింది.

బావంటే అక్క మొగుడు. బజారువీధి మలుపులో తాళాలు బాగుచేసే కొట్టు ఉంది అతనికి. కడుపునొప్పి వెన్నులోకి పోతోందంటూ ఓ మధ్యాహ్నం చెప్పాపెట్టకుండా వచ్చి బల్లెక్కాడు. పరగడుపున రావాలని తెలీదు పాపం, సుష్టుగా తిని వచ్చాడు.

"పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదంటారు. మా మరదలు పనికొస్తుందేమో చూద్దామని వచ్చా" అన్నాడు పడుకుంటూ.

లివర్ బాగానే ఉంది. రాళ్లూ లేవు. కానీ లోతుగా, పొట్ట వెనకాల ఉండే క్లోమం మాత్రం కనబడలేదు. పేగుల్లో గాలి అడ్డమొచ్చింది. అది రోజూ ఉండేదే. అలాంటప్పుడు 'క్లోమం కనబడలేదు, పరగడుపున మళ్లీ చూడాలి' అని రాస్తారు. పరాయివాళ్లకైతే ఆమే అలా రాసేది. బయట ఇరవైమంది కూర్చుని ఉన్నారు. మనవాడేగా, రేపో మాపో పిలిచి చూద్దామనుకుంది. అన్నీ మామూలేనని రాసేసి, "నీ కడుపులో కబుర్లు తప్ప ఏమీ లేవు బావా" అని నవ్వి పంపించింది. ఆ రేపూ రాలేదు, మాపూ రాలేదు. అతను గ్యాస్ బిళ్లలు మింగుతూ కొట్టు నడుపుకున్నాడు. ఆమె పనిలో పడి మరిచిపోయింది.

నాలుగు నెలల తరవాత అక్క అతన్ని వెంటపెట్టుకొచ్చింది. కళ్లు పచ్చబడ్డాయి. చొక్కా కొంకికి తగిలించినట్టు వేలాడుతోంది. ఒళ్లంతా దురదకి గోక్కున్న గోళ్ల చారలు. డాక్టరమ్మ ప్రోబ్ తీసుకుంది. పెన్సిల్ కంటే సన్నగా ఉండాల్సిన పిత్తనాళం బొటనవేలంత లావైంది. అది వెళ్లి కలిసేచోట, క్లోమం తల దగ్గర, నల్లటి ముద్ద.

"ఏమిటే, రాయా?" అంది అక్క.

"ఎమ్మారై తీయాలక్కా" అని మాత్రం అనగలిగింది.

ఎమ్మారై తెర మీద పిత్తనాళాలు ఆకులు రాలిన తెల్లటి కొమ్మల్లా వచ్చాయి. పిత్తనాళం, క్లోమనాళం రెండూ ఉబ్బిపోయి ఒకేచోట టక్కున ఆగిపోయాయి. పక్కన కూర్చున్న టెక్నీషియన్ ఆమె ముఖంకేసి చూడలేదు. మర్నాడు సీటీ తీశారు. ముద్ద క్యాన్సరేనని, అది పేగులకు నెత్తురు తీసుకెళ్లే ధమనిని చుట్టేసిందని తేలింది. ఇక కొయ్యడానికి లేదన్నాడు సర్జన్. నాళంలో గొట్టం వేస్తే కామెర్లు దిగుతాయి, మందులతో కొన్నాళ్లు గడుస్తుంది, అంతే. ఇంతకుముందు స్కాన్ తీయించారా అని అడిగితే, అక్క సంచీలోంచి పాత రిపోర్టు తీసిచ్చింది. ఆయన చదివి మడిచి ఇచ్చేశాడు. ఈ జబ్బు అంతేనమ్మా, చూస్తుండగానే ముదురుతుందన్నాడు.

అక్కడితో ఆ సంగతి ముగిసిపోయేది. ఎవరూ అడిగేవాళ్లు లేరు. కానీ అక్క చూడవచ్చిన ప్రతివాళ్లకీ, మా చెల్లెలు అప్పుడే చూసింది, అప్పుడేమీ లేదు, మాయదారి జబ్బు అంతలోనే పుట్టుకొచ్చిందని చెబుతోంది. రెండు రోజులు ఆ మాట వింటూ డాక్టరమ్మ నోట్లో ముద్ద పెట్టలేకపోయింది. మూడోరోజు వార్డులో, బావ మంచం పక్కనే నిలబడి చెప్పేసింది.

"అక్కా, అప్పుడేమీ లేదని కాదు. నాకసలు కనబడలేదు. కనబడినట్టు రాశాను."

అక్క బావకేసి చూసి, ఆమె వైపు తిరిగింది.

"కనబడుంటే కోసేవాళ్లా?"

"కోసేవాళ్లేమో. కచ్చితంగా చెప్పలేను."

అక్క మొహం తిప్పుకుంది. బావ పైకప్పు కేసి చూస్తూ, కోపం లేకుండానే అన్నాడు: "తాళం తెరిచి చూడకుండా బాగుందని పంపిస్తే, నా కొట్టుకి మళ్లీ ఎవరొస్తారే?"

ఆ సాయంత్రమే డాక్టరమ్మ సూపరింటెండెంట్‌కి జరిగింది జరిగినట్టు కాగితం మీద రాసిచ్చింది. కోరి కొరివితో తల గోక్కుంటున్నావన్నారు తోటివాళ్లు. మెమో ఇచ్చారు, రెండు నెలలు స్కానింగ్ గదికి దూరంగా ఉంచారు.

గొట్టం వేశాక బావ కళ్లు తెల్లబడ్డాయి. కొన్ని వారాలు కొట్టు కూడా తెరిచాడు. ఇంటికి రావద్దని అక్క కబురు పెట్టింది కనక డాక్టరమ్మ కొట్టుకే వెళ్లి కూర్చునేది. అతను వద్దనలేదు, పాత జోకులూ వెయ్యలేదు. చలి మొదలయ్యేసరికి నొప్పి తిరగబెట్టింది. అప్పుడు అక్కే పిలిపించింది. నొప్పి మందు గంట గంటకీ చూసి వెయ్యడానికి మనిషి కావాలి. పద్దెనిమిది రోజులు ఒకే గదిలో ఉన్నారు అక్కచెల్లెళ్లు. మందూ, పక్కబట్టలూ, మంచినీళ్లూ తప్ప వేరే మాట లేదు. పంతొమ్మిదో రోజు పొద్దున బావ పోయాడు.

ఏడాది తిరిగాక, అక్క కడుపునొప్పికి ఊరికి ఆ చివరనున్న వేరే ఆసుపత్రిలో స్కాన్ చేయించుకుందని అక్క కూతురు ఫోన్లో చెప్పింది. ఏమీ లేదన్నారట.

"మంచిదేగా" అంది డాక్టరమ్మ. తలుపు దగ్గర నర్సు తరవాతి మనిషిని పంపమంటారా అని అడుగుతుంటే, పంపమని తలూపింది.