గచ్చు చల్లబడ్డంక

కామారెడ్డిలో చక్రధర్‌కు కింద మిఠాయి భట్టీ, పైన కాపురం. పొయ్యిల సెగ స్లాబులోంచి పైకెక్కి, ఎండాకాలమంతా ఇంట్లో గచ్చు పెనంలా కాలేది.

"కాలు పెట్టస్తలేదు. ఈ ఇంట్ల నువ్వొక్కడివే ఉండు," అన్నది భార్య వినీత, ఎల్లారెడ్డిలోని పుట్టింటికి పోవడానికి బ్యాగు సర్దుతూ.

ఆమెను ఆపడానికి చక్రధర్ భట్టీ గది పైకప్పుకు, అంటే ఇంటి గచ్చు అడుగున, అద్దంలా మెరిసే షీటు బిగింపించాడు. అది సెగను వచ్చిన దారినే తిప్పి పంపుతుందని షాపువాళ్లు చెప్పారు. చెప్పినట్టే పంపింది. పైన గచ్చు చల్లబడింది. వినీత బ్యాగు విప్పి, సంబరం పట్టలేక తల్లికి ఫోను చేసింది.

తిరిగొచ్చిన సెగ మాత్రం కింద పొయ్యి ముందు నిలబడ్డ చక్రధర్ మీదే పడింది. వేడిగాలి బయటికి పోయే ఫ్యానొకటి పెట్టించాలన్న ఆలోచన అతనికి రానేలేదు. ఒకరోజు మధ్యాహ్నం అంగీ పిండుకునేంత చెమట పట్టి, కాసేపు చల్లటి గచ్చు మీద ఒరుగుదామని పైకెక్కాడు.

గచ్చు నిండా చుట్టాలే. అత్త కమలవ్వ, ఆమె వెంట దిగిన బావమరదులూ వాళ్ల పిల్లలూ హాయిగా నిద్రపోతున్నారు.

అలికిడికి కమలవ్వ కళ్లు తెరిచింది. "ఎంత మంచి పని చేసినవ్ అల్లుడా! మా ఊర్ల ఇండ్లు కుంపట్ల లెక్కున్నయి. వానలు పడేదాంక ఈడ్నే ఉంటం."

"ఉండుండ్రి అత్తమ్మా," అన్నాడు చక్రధర్. ఇంకేమంటాడు? ఒరగడానికి జానెడు జాగా దొరక్క మెట్లు దిగాడు.

వెనకనుంచి వినీత కేకేసింది: "అమ్మవాళ్లు లేస్తున్నరు, చాయ్ పంపు. మంచిగ వేడిగుండాలె!"