మూల విడిన ఫ్రేము

ఆవిడ తడి కాగితంతో అద్దం తుడుస్తోంది. ముందుగదిలో ఫ్రేముల మేస్త్రి అయిన భర్త పనిచేసే బల్ల ఉంది, దాని పక్కన గోడకు ఆనించిన అద్దాలు. పొద్దున్నే వాటి మీది రంపప్పొడి తుడిచిపెట్టడం పెళ్లయిన నాటి నుంచీ ఆవిడ పని. ఇవాళ మాత్రం ఒకే అద్దాన్ని మూడోసారి తుడుస్తోంది.

“అరిగిపోతుందే అది. పద,” అన్నాడు మేస్త్రి, ఉతికిన చొక్కా గుండీలు పెట్టుకుంటూ.

“గడ్డం గీసుకోలేదేం?”

“బొమ్మ నన్ను చూడదుగా.”

ఆవిడ నవ్వలేదు. ఆ బొమ్మ వాళ్ల అమ్మాయిది. పైగదిలో అద్దెకున్న చిత్రకారుడు, మెట్ల మీద కూర్చుని జడ విప్పుకుంటూ నవ్వుతున్న పిల్లను గీశాడు. తర్వాత పిల్లకు జ్వరమొచ్చింది. భార్యాభర్తలిద్దరూ ఆస్పత్రిలో ఉండగానే బొమ్మను ఎవరో కొనుక్కుపోయారు, పిల్లా పోయింది. ఆరేళ్లయింది. ఇంట్లో మిగిలింది కాలేజీ కార్డు మీది ఫొటో ఒక్కటే. అందులో ఎవరో కోప్పడినట్టు బిగుసుకుని ఉంటుంది. నవ్వితే ఎలా ఉండేదో ఈమధ్య ఆవిడకు సరిగ్గా గుర్తు రావడం లేదు. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు.

మ్యూజియంలో నెల రోజులు ఆ బొమ్మ పెడుతున్నారని, తర్వాత కొన్నాయన ఇంటికే తిరిగి వెళ్లిపోతుందని చిత్రకారుడు ఉత్తరం రాశాడు. మొదటివారమే టికెట్టు కొనుక్కుని వెళ్దామన్నాడు మేస్త్రి. “ఆఖరి రోజు ఊరికే చూపిస్తారట కదా, అంత తొందరేం?” అన్నది ఆవిడే.

ఊరికే అనేసరికి ఊరంతా వచ్చింది. వరస వీధి మలుపు తిరిగి, బడి గోడ పొడుగునా సాగింది. మూడు గంటలు నిలబడ్డారు.

“ఇవాళ కాళ్లే టికెట్టు, అక్కయ్యా,” అంది వెనకున్న లావుపాటావిడ, చెప్పులు విడిచి పాదాలు నేలకు రుద్దుకుంటూ.

లోపల గాలాడలేదు. తండ్రుల భుజాల మీద పిల్లలు, తలల పైన ఫోన్లు. “ఆగకండి, నడవండి,” అని కాపలావాళ్లు అరుస్తూనే ఉన్నారు. మూడో గదిలో మేస్త్రి ఆవిడ చెయ్యి పట్టుకుని మోచేత్తో దారి చేసుకుంటూ పోయాడు. పొట్టి మనిషి కావడంతో ఆవిడకు అందరి వీపులే కనిపించాయి.

“కనిపిస్తోందా మీకు?”

“ఉండు, ముందుకు రా. ఇంకో ఇద్దరే.”

అంతలో అతని చెయ్యి జారిపోయింది. హెచ్చరిక గంట మోగింది. “బొమ్మ పీకుతున్నాడెవరో,” అన్నారు జనం. ఒక్కసారి అందరూ వెనక్కి తోసుకున్నారు.

“నేను కట్టిన ఫ్రేమేనండీ. మూల విడిపోయింది, పది నిమిషాల పని,” అంటున్నాడు మేస్త్రి, కాపలావాడి చేతిలో రెక్క ఇరుక్కుని.

“సరే పెద్దాయనా, బయట చేసుకుందువు గాని.” కాపలావాడు ఆవిడ వైపు చూశాడు. “నువ్వూ ఈయనతోనే వచ్చావా?”

“అవును,” అంది ఆవిడ. ఎన్నేళ్లుగానో చెప్పే జవాబు, ఆలోచించకుండా వచ్చేసింది. కాదంటే తనను లోపలే ఉండనిచ్చేవారని, ఇద్దరినీ బయటికి పంపి పక్కతలుపు మూశాక తెలిసింది. ముందు గేటు దగ్గరికి తిరిగి వచ్చేసరికి వరస ఆపేసి గొలుసు కట్టేశారు.

ఇంటికొచ్చాక ఆవిడ దీపం వేసి, బల్ల దగ్గర కూలబడ్డ భర్త ఎదురుగా నిలబడింది.

“చూశారా దాన్ని?”

“ఆ ఫ్రేము ఆస్పత్రి వారంలో చేసిందే,” అన్నాడు. “పైగదాయన చీటీ మీద కొలతలు రాసిచ్చాడు, ఏ బొమ్మకో చెప్పలేదు. ఆరిన చెక్క లేకపోతే పచ్చిదే కోసి బిగించి, ఆస్పత్రికి పరుగెత్తాను. కింది మూల విడిపోయింది. గోరు పట్టేంత సందు. వేలు దానంతటదే అక్కడికి పోయింది.”

“మొహం అడుగుతున్నాను నేను.”

“పైకి చూసేలోపే లాగేశారు.”

“ఎప్పుడూ అంతే. అది తిరిగిన ఇంట్లోనూ మీరు చెక్కే చూశారు. దాన్ని చూడలేదు.”

మూడు రాత్రులు ఆస్పత్రి వరండాలో నేల మీద కూర్చున్న మనిషి అతను. ఆఖరి రోజుదాకా ఆగుదామన్నది ఎవరు అని అతను ఒక్క మాట అడగొచ్చు. అడగనీ అనుకుంది. అడిగితే ఏడవొచ్చు.

మేస్త్రి అడగలేదు. బొటనవేలితో బల్ల మూలను నొక్కిపట్టి కాసేపు కూర్చున్నాడు, జిగురు ఆరేదాకా పట్టుకున్నట్టు. తర్వాత లేచాడు. పొద్దున ఆవిడ తుడిచిన అద్దానికి తగలకుండా పక్కకు ఒదిగి దాటి, చెప్పులు వేసుకుని, తలుపు దగ్గరగా వేసి వెళ్లిపోయాడు.