గోగునార కొలత

నారాయణమూర్తి ఇంటి అటక మీద పన్నెండేళ్ళుగా రెండు పనస చెక్కలు ఉన్నాయి. హుద్‌హుద్ తుఫానుకి పెరట్లో చెట్టు పడిపోతే, కోత మిల్లుకి పట్టుకెళ్ళి పొడుగ్గా కోయించి తెచ్చి అక్కడ పెట్టాడు. తోడల్లుడు తలుపుకి అడిగాడు, ఇవ్వలేదు. పొరుగింటి దాలమ్మ బల్లకి అడిగింది, ఇవ్వలేదు. అవి ఈశ్వరి మంచానికి. జూట్ మిల్లులో పని మానేశాక తీరుబడిగా తన చేత్తోనే చేస్తానని పెళ్ళానికి మాట ఇచ్చాడు. పని మానేసి నాలుగేళ్ళయింది గానీ తీరుబడి రాలేదు. మాట ఇచ్చిన మొగుళ్ళకి తీరుబడి ఎప్పుడొచ్చింది గనక?

"ఆ సెక్కలకి సంబంధాలేటైనా సూస్తన్నావేటి మావా? ముదిరిపోతన్నాయి," అని ఎగతాళి చేసేది ఈశ్వరి. అప్పటికింకా ఆమె చెరువు గట్టు దాకా నడిచి వెళ్ళొచ్చేది.

కిందటేడు నరాల జబ్బు పట్టుకుంది. మొదట కాలి చెప్పు జారిపోయేది. తర్వాత బిందె ఎత్తలేకపోయింది. ఈ వేసవికి ఎవరైనా పట్టుకుంటే గాని నిలబడలేని స్థితికి వచ్చింది. విశాఖలో డాక్టరు దాచకుండా చెప్పాడు. ఇది తగ్గే జబ్బు కాదు, కాళ్ళు బారజాపుకుని పడుకోనివ్వండి, లేకపోతే మోకాళ్ళు ముడుచుకుని అలాగే బిగుసుకుపోతాయి అన్నాడు. ఇంట్లో ఉన్నదేమో కూతురు యమున బడికెళ్ళే రోజుల్లో కొన్న పొట్టి ఇనప మంచం. తలవైపూ కాళ్ళవైపూ కమ్మీలు. దాని మీద ఈశ్వరి ముడుచుకుంటే గాని పట్టదు.

ఈశ్వరి తమ్ముడు భాస్కర్ ప్లైవుడ్ బీరువాలు చేస్తాడు. "బజార్లో పొడుగు మంచం దొరుకుతాది బావా. సందేళకి తెచ్చేస్తాను," అన్నాడు.

"నా సెక్కలుండగా బజారు మంచం ఏటిరా? నాలుగు వారాలు ఓపిక పట్టండి."

ఈశ్వరి కూడా మొగుడి వైపే మాట్లాడింది. "పన్నెండేళ్ళు సూసినాను. ఆ మంచం మీదే తొంగుంటాను తమ్ముడూ."

మంచానికి మనిషి కొలత కావాలి. పడుకున్న మనిషికి కాళ్ళ నుంచి తల దాకా కొలత తీయకూడదు, అది పాడె కట్టేటప్పుడు తీసే కొలత. అందుకని ఒక పొద్దున్న యమున, భాస్కర్ చెరో రెక్కా పట్టుకుంటే ఈశ్వరి గోడకి ఆనుకుని నిలబడింది. నారాయణమూర్తి గోగునార తాడు కొసని ఆమె మడమ దగ్గర పెట్టి, నడినెత్తి దాకా లాగి, పైన ఇంకో జానెడు కలిపి ముడి వేశాడు. ఆరడుగులు ఉంటుందనుకుని భాస్కర్ టేపు తీయబోతే కసిరాడు.

"ముప్పై ఏళ్ళు గోగునారతోటే బతికినాను. నీ రేకు ముక్క నాకేటి సెప్తాది?"

ఈశ్వరి నిలబడటం అదే ఆఖరు. వారం తిరక్కుండా కాళ్ళు పూర్తిగా చచ్చుబడ్డాయి.

తాడుని వసారాలో మేకుకి తగిలించి, ముందు మంచం కోళ్ళు చెక్కడానికి కూర్చున్నాడు. ముదురు పనస, ఉలి ఒక పట్టాన దిగలేదు. చేతులు బొబ్బలెక్కాయి. ఇంతలో వానలు పట్టుకున్నాయి. జల్లు వసారాలోకి కొట్టినప్పుడల్లా తాడు తడిసేది, మళ్ళీ ఆరేది. చూస్తూనే ఉన్నాడు గానీ తీసి లోపల పెట్టాలని తోచలేదు. నాలుగు వారాలన్నది మూడు నెలలైంది.

"ఎంతవరకొచ్చినాది మావా?" అని లోపలి నుంచి అడిగేది ఈశ్వరి.

"అయిపోయినట్టే."

ఆ మాట ఎన్నిసార్లు అన్నాడో లెక్కలేదు. రోజూ ఆమె కాళ్ళకి నూనె రాస్తున్నప్పుడు మోకాళ్ళు కిందటి రోజు కన్నా తక్కువ సాగేవి. పాడు ఇనప మంచం, దాని వల్లే ఇదంతా, కొత్త మంచం ఎక్కితే చాపుతుంది అనుకునేవాడు. అలా అనుకోకపోతే ఉలి పట్టలేడు.

చివరికి తాడు పెట్టి గుర్తు గీసి, రెండు చెక్కల్నీ కోసి పట్టెలు చేశాడు. బిగించి, గోగునార తాడుతోనే అల్లాడు. అక్కని మార్చడానికి వచ్చిన భాస్కర్ మంచం చుట్టూ ఒకసారి తిరిగి టేపు తీశాడు. ఈసారి నారాయణమూర్తి కసరలేదు.

"అయిదడుగుల అయిదంగుళాలు బావా. పట్టెల మందం పోతే అక్క పొడుగు కూడా నేదు."

నారాయణమూర్తి మేకు మీది తాడు వంక చూశాడు. తడిసిన గోగునార ఊరి, బిగిసి, పొట్టిదవుతుంది. ఆరినా మళ్ళీ మునుపటంత సాగదు. మిల్లులో కొత్తగా చేరిన ప్రతివాడికీ మొదటి రోజే ఆ సంగతి చెప్పింది తనే. కోసేసిన ముక్కలు గోడవారగా పడి ఉన్నాయి. ఒక ముక్క తీసి పట్టె కొసకి ఆనించి చూశాడు.

"అతికేద్దామేటి?" అన్నాడు భాస్కర్.

"అతుకేసిన పట్టె మనిషి బరువు ఆపదురా," అన్నాడు.

"ఏటా గుసగుసలు? నన్ను బేగి ఎక్కించండి," అని కేకేసింది ఈశ్వరి.

ఇద్దరూ ఎత్తి తెచ్చి పడుకోబెట్టారు. ఆమె అరచేత్తో పనస పట్టె నిమిరింది. నారాయణమూర్తి మడమలు పట్టుకుని మెల్లగా తన వైపు లాగాడు. మోకాళ్ళు కదల్లేదు. ఇంకాస్త లాగాడు.

"ఒద్దు మావా. రావు," అంది పళ్ళు బిగబట్టి.

వదిలేశాడు. కాళ్ళు పొట్ట దగ్గరికి ముడుచుకుని అలాగే ఉండిపోయాయి. పాదాలకి అవతల మూరెడు మంచం ఖాళీగా ఉంది. మంచం పొట్టిదై ఆమె పాదాలు బయటికి వేలాడితే బాగుండునని, ఊరంతా తనని చూసి నవ్వితే ఎంతో బాగుండునని అనిపించింది అతనికి.

"సూసినావా, సరిపోయినాది," అంది ఈశ్వరి. "ఇంకా జాగా మిగిలింది. అలా నిలబడిపోనావేటి? కూకో."

నారాయణమూర్తి కోసేసిన ముక్క చేతిలో పట్టుకునే, ఆ మిగిలిన జాగాలో కూర్చున్నాడు.