నా దగ్గు, కాసులమ్మ ఎసరు

నేను ఒక బోటు ఇంజన్ని. తొమ్మిది గుర్రాల బలమని నా ఒంటిమీద రాశారు. గుర్రం ఎలా ఉంటుందో నేనెన్నడూ చూడలేదు. ఏదో ఫ్యాక్టరీలో నన్ను బిగించి, పెట్టెలో పెట్టి మేకులు కొట్టేశారు. పెట్టె తెరుచుకునేసరికి భీమిలి దగ్గర ఒక జాలరిపేటలో, ఉప్పుగాలిలో ఉన్నాను. తెరిచినవాడు మసేను.

పొద్దున్నే నన్ను భుజాన వేసుకుని ఒడ్డుకు తీసుకెళ్లి బోటు వెనక తగిలించేవాడు. వేట అయ్యాక మళ్లీ భుజానికెత్తుకుని ఇంటికి తెచ్చి, వసారాలో దించి పాత లుంగీ కప్పేవాడు. సముద్రం మీద ఉన్నంతసేపూ నాతోనే కబుర్లు. చేప పడితే తన గొప్ప, పడకపోతే నా తప్పు. మనుషుల తీరే అంతని సర్దుకుపోయాను.

నా తిండి కిరసనాయిలు, అందులో కలిపిన ఇంజనాయిలు. అది పూర్తిగా మండదు. మిగిలిన మసి లోపల పొరలుపొరలుగా పేరుకుంటుంది. రెండేళ్లకి నాకు దగ్గు పట్టుకుంది. మూడు చప్పుళ్లు, ఒక దగ్గు, మళ్లీ మూడు చప్పుళ్లు. పేటలో ముప్పై బోట్లున్నా ఆ దగ్గు నా ఒక్కదానిదే. కెరటాల అవతల నుంచి అది వినిపించగానే మసేను భార్య కాసులమ్మ పొయ్యిమీద ఎసరు పెట్టేది. అతను నన్ను దించి కాళ్లు కడుక్కుని కూర్చునేసరికి అన్నం సిద్ధం. పేటలో ఆడవాళ్లు ఆమెని తెగ ఆటపట్టించేవారు. నాకు మాత్రం గర్వంగా ఉండేది.

ఒక వానాకాలం మసేను కామెర్లతో పోయాడు. ఇరవై ఏళ్ల వేటలో సముద్రం ఏమీ చెయ్యని మనిషి, మంచంమీద పది రోజుల్లో అయిపోయాడు.

బోటు అతని తమ్ముడు తాతారావు చేతికొచ్చింది. నేను మాత్రం కాసులమ్మ వసారాలోనే ఉండేదాన్ని. తాతారావు మంచివాడే కానీ నాతో మాట్లాడడు, ఫోనులో పాటలు పెట్టుకుంటాడు. సముద్రం అంత ఖాళీగా ఉంటుందని నాకు అప్పుడే తెలిసింది. ఒడ్డుకొస్తూ నేను దగ్గగానే కాసులమ్మ చెయ్యి ఎప్పటిలాగే ఇద్దరికీ ఎసరు పెట్టేసేది. తాతారావు నన్ను దించి పక్కనే ఉన్న తన ఇంటికి వెళ్లిపోయేవాడు. ఆమె సగం అన్నం గిన్నెలో పెట్టి, మూత వేసి, సాయంత్రం దాకా అలాగే ఉంచేది.

నా దగ్గు ముదిరింది. నడిసముద్రంలో ఆగిపోవడం మొదలుపెట్టాను. మెకానిక్ అప్పన్న ప్లగ్గు విప్పి చూసి పెదవి విరిచాడు.

"నోపలంతా బొగ్గే. కడిగీ మందుంది, పోస్తే కొత్తదానిలా తిరుగుద్ది. తరవాత నూని డబ్బాకో మూత కలుపుకుంటే మళ్లీ పట్టదు."

"సప్పుడు మారిపోద్దా?" అంది కాసులమ్మ.

"మారదేటి? దగ్గు పోద్ది."

"అయితే ఒద్దు."

తాతారావు కొనుక్కొచ్చిన మందు సీసాని ఆమె బియ్యం డబ్బా వెనక దాచేసింది. నిజం చెబుతున్నాను, నాకు ప్రాణం లేచివచ్చింది. నాలో ఉన్న ఆ మసిలో సగం మసేను పోసిన నూనెదే. అది పోతే అతనిది ఇంకేం మిగులుతుంది?

పది రోజులు తిరక్కుండానే, గాలి రేగిన ఒక మధ్యాహ్నం, ఒడ్డు కనిపించనంత దూరంలో ఆగిపోయాను. నా స్టార్టు తాడు లాగి లాగి తాతారావు అరచేతులు బొబ్బలెక్కాయి. నేను లేవలేకపోయాను. పాటలు ఆపేసి అతను మొదటిసారి నాతో మాట్లాడాడు, బతిమాలాడు. పొద్దు వాలుతుండగా వేరే బోటువాళ్లు చూసి తాడు కట్టి లాక్కొచ్చారు. ఒడ్డున అతని భార్య దానమ్మ మోకాళ్లలోతు నీళ్లలో నిలబడి ఉంది. పక్కనే కాసులమ్మ.

"అప్పా, నీకా దగ్గైనా ఉంది. రేపు మీ మరిది రాకపోతే నానేటి ఇనాల?" అంది దానమ్మ.

కాసులమ్మ మర్నాడు పొద్దున్నే అప్పన్నని పిలిపించి, నన్ను నీళ్ల డ్రమ్ముకి తగిలించి నడిపించమంది. సీసా అతని చేతికివ్వలేదు.

"నానే పోత్తాను," అంది.

సన్నటి ధారగా నా గొంతులో పోసింది. ఉక్కిరిబిక్కిరై ఆగిపోయాను. మధ్యాహ్నం దాకా నాననిచ్చి మళ్లీ తాడు లాగారు. తెల్లటి పొగ వీధంతా కమ్మింది. డ్రమ్ములో నీళ్లు నల్లబడ్డాయి. అందరూ ముక్కులు మూసుకుని పక్కకి తప్పుకున్నారు, కాసులమ్మ కదల్లేదు. "పొగకి కళ్లు మండుతున్నాయి," అంది, ఎవరూ అడక్కుండానే.

మర్నాడు వేటకి హాయిగా పరిగెత్తాను. ఆ నున్నటి చప్పుడు నాదంటే నాకే నమ్మకం కుదరలేదు. తాతారావు నన్ను తెచ్చి వసారాలో దించేసరికి కాసులమ్మ ఉలిక్కిపడి బయటికొచ్చింది.

"వచ్చీసినావా? నాకు ఇనిపించనేదే!"

పక్కింట్లోంచి ఉడుకుతున్న అన్నం వాసన వస్తోంది. కొత్త చప్పుడు దానమ్మ విన్నట్టుంది. కాసులమ్మ లోపలికెళ్లి పొయ్యి వెలిగించింది. చేటలో రెండు గ్లాసుల బియ్యం పోసి, కాసేపు చూసి, ఒక గ్లాసు తీసి మళ్లీ డబ్బాలో పోసేసింది.

ఆరేళ్లు ప్రతి పొద్దునా నూనె డబ్బాలో మూతెడు మందు కలిపింది ఆమే. ఇంకెవరినీ ముట్టనివ్వలేదు. తాతారావు ఒక్కరోజు కూడా సముద్రం మీద ఆగిపోలేదు. కొత్త ఇంజను వచ్చాక నేను ఈ పాత ఇనుప కొట్టుకి చేరాను. కొట్టువాడు నా మూత విప్పి, ఇంత వయసులోనూ మసి లేదే అని మెచ్చుకున్నాడు.

ఆ ఆరేళ్లూ ఒడ్డు కనిపించినప్పుడల్లా, ఆమె కోసం ఒక్కసారి దగ్గుదామని చూసేదాన్ని. రాలేదు.